పట్టికలో లేని మనిషి

హాలాటోఆ, వావావు దీవి, టోంగా
ఫిబ్రవరి 16

లెసియెలీ,

ఫోన్ చేద్దామంటే సముద్రం అడుగున తీగ తెగి కూర్చుంది. ఎప్పుడైనా లైను దొరికినా సగం మాటలు చేపలకే పోతున్నాయి. అందుకని కాగితం మీద పడ్డాను. ముప్ఫయ్యేళ్ళు బళ్ళో పిల్లలకి దస్తూరి దిద్దించినదాన్ని, చదవలేకపోయానని వంక పెట్టకు.

సముద్రంలో అగ్నికొండ పేలినప్పుడు రాజధాని మీద కురిసినంత బూడిద మా మీద కురవలేదు. చర్చి కప్పు కడిగాం, నీళ్ళ తొట్లు కడిగాం, పాటలు పాడుకున్నాం. అంతవరకు దేవుడి దయ. ఆ తర్వాతే గోరుచుట్టు మీద రోకటిపోటు. మా పదకొండు ఇళ్ళ వెనిల్లా మూడేళ్ళుగా రేకు పెట్టెల్లో మగ్గుతోంది. కొనే న్యూజిలాండాయన మొదట రోగం వచ్చింది రానన్నాడు, ఇప్పుడు కొండ పేలింది రానంటున్నాడు. రేపు వాళ్ళావిడకి పడిశం పట్టిందంటాడు. ఇళ్ళవాళ్ళు తీగలు పీకేసి, వేరు దంచి తాగే కావా మొక్కలు వేసుకుంటామంటున్నారు. ఆ తీగలు వేయమన్నది నేను. "కలోలైన మాట విని చెడ్డాం" అని వాళ్ళు చర్చి మెట్ల మీద అనుకుంటుంటే వినలేక చస్తున్నాను.

నువ్వు చేసేది ఐస్‌క్రీమ్ కంపెనీలో ఉద్యోగం. అందులో వెనిల్లా వేస్తారు కదా? ఎవరిదో ఎందుకు, మనది వెయ్యమను.

"కుదరదత్తయ్యా" అని మాత్రం రాయకు. మీ నాన్న పోయినప్పుడు శవం తలవైపు కూర్చున్నదెవరు? వచ్చిన చాపలూ బట్టలూ అన్నీ ఎవరి ముందు పరిచారు? తండ్రి అక్క మాటంటే ఏమిటో మెల్‌బోర్న్ వెళ్ళి మర్చిపోయావేమోనని గుర్తుచేస్తున్నాను, అంతే. బెదిరింపు కాదు.

మీ అమ్మ బాగుంది.

నీ మేనత్త
కలోలైన

❖

మెల్‌బోర్న్
మార్చి 9

అత్తయ్యకి,

మీ ఉత్తరం ఇరవై రోజులకి చేరింది. దస్తూరి అద్భుతం. మీ చేత మొట్టికాయ తిన్న చోట తడుముకుంటూ చదివాను.

కంపెనీలో అడిగాను. దీవుల నుంచి కొనాలని వాళ్ళూ చూస్తున్నారు, కాబట్టి కుదరదని రాయనవసరం లేకపోయింది. కానీ దారి పొడుగు. నా పనేమిటో మీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మాకు సరుకు అమ్మేవాళ్ళు పనివాళ్ళని ఎలా చూస్తున్నారో అడగడం నా పని. బలవంతపు చాకిరీ ఉందా, కూలి ఇస్తున్నారా, దెబ్బ తగిలితే మందు ఉందా. ఇరవై దేశాల నుంచి కాగితాలొస్తాయి. అన్నిట్లోనూ అంతా బాగానే ఉంటుంది. అబద్ధమని తెలిసీ రుజువు దొరక్క "సరే" అని ముద్ర కొడుతుంటాను. తొమ్మిదేళ్ళుగా ఇదే. సాయంత్రానికి కళ్ళు కాదు, మనసు మంటపెడుతుంది.

ఈ ఉత్తరంతో నలభై రెండు ప్రశ్నల కాగితం పంపుతున్నాను. పనిచేసే ప్రతి మనిషి పేరూ పట్టికలో రాయాలి. ఉన్నదున్నట్టు నింపండి.

ఒక్క మాట. నేను మీ మేనకోడల్నని కాగితాల్లో ఎక్కడా రాయకండి. చుట్టాల ఫైలు నేను చూడకూడదని నియమం. మన ఇంటిపేర్లు వేరు గనక ఎవరికీ తెలియదు. ఇలా చెప్పడం తప్పే. మీరడిగారు, నాకు కాదనడం రాలేదు.

అమ్మ ఎలా ఉంది? గత నెల ఫోన్లో "బాగున్నా, బాగున్నా" అని రెండుసార్లు అంది. ఒకసారి అంటే నమ్మేదాన్ని.

మీ
లెసియెలి

❖

హాలాటోఆ
ఏప్రిల్ 11

లెసియెలీ,

నీ ప్రశ్నలు నింపాను. ఇవి ఎవరు రాశారే? వాళ్ళు జన్మలో ఒక తోట చూశారా?

"అగ్నిప్రమాదం జరిగితే బయటికి పోయే ద్వారం ఎక్కడుంది?" తోటకి తలుపుల్లేవు, ఎటైనా పరిగెత్తవచ్చు అని రాశాను. "వారానికొక సెలవు ఇస్తారా?" ఆదివారంనాడు ఈ దేశంలో చీపురు కూడా లేవదు, వెనిల్లా పువ్వు విచ్చిన పూటే చేత్తో పుప్పొడి అద్దకపోతే కాయ కట్టదు, అయినా ఆదివారం పూసినవాటిని ముట్టుకోం, అవి దేవుడికి వదిలేస్తాం అని రాశాను. "పనివాళ్ళు ఫిర్యాదులు వేసే పెట్టె ఉందా?" పెట్టె లేదు, ఫిర్యాదు ఉంటే నాకే చెబుతారు, ఒకసారి చెప్పినవాళ్ళు రెండోసారి చెప్పరు అని రాశాను. అంత బాగా పరిష్కరిస్తానన్నమాట.

ముప్ఫై ఒకటో ప్రశ్న నాకు బాగా నచ్చింది. "అప్పగించిన పని పనివారు వద్దనవచ్చునా?" దానికి ఇలా రాశాను: "నేను తండ్రి అక్కను. ఇంతవరకు నా మాట ఎవరూ కాదనలేదు." రెండు గీతలు గీశాను కింద. మా కుటుంబం ఎంత పద్ధతైనదో మీ దొరలకి తెలియాలి.

పట్టికలో ముగ్గురి పేర్లు రాశాను. ముగ్గురూ కూలి తీసుకునేవాళ్ళే. మిగతావాళ్ళం మనవాళ్ళమే కదా, మనకెందుకు పట్టిక.

మీ అమ్మ బాగుంది. మొన్న చర్చి విందుకి చేమాకుల్లో మాంసం చుట్టి లూ చేసింది. కొబ్బరిపాలు కాస్త తగ్గాయి, అయినా అందరూ తిన్నారు.

నీ మేనత్త
కలోలైన

❖

మెల్‌బోర్న్
మే 5

అత్తయ్యకి,

మీ జవాబులు ఆఫీసులో చదివి నవ్వాపుకోలేక బయటికెళ్ళి నిలబడ్డాను. ముప్ఫై ఒకటి దగ్గరికొచ్చేసరికి నవ్వు పోయింది.

అత్తయ్యా, ఆ ప్రశ్న దేనికంటే, వద్దనే వీలు లేకుండా చేయించే పనిని మా పుస్తకంలో బలవంతపు చాకిరీ అంటారు. మీరు గర్వంగా రెండు గీతలు గీసి ఒప్పుకున్నది అదే. ఈ కాగితం ఇలాగే పైకి వెళితే మీ వెనిల్లా ఓడ ఎక్కదు. మన ఊళ్ళో అది మర్యాద అని నాకు తెలుసు. తెల్లకాగితానికి తెలియదు.

అందుకని కొత్త కాగితం పంపుతున్నాను. ముప్ఫై ఒకటికి ఎదురుగా "అనవచ్చు" అని ఒక్క మాట రాయండి. తొమ్మిదేళ్ళలో ఏ సరఫరాదారుకీ నేను జవాబు అందించలేదు. మీకు అందిస్తున్నాను. 

పట్టిక సంగతి. అమ్మ పేరు ఎందుకు లేదు? నా చిన్నప్పుడు పూతకాలం వస్తే అమ్మ తెల్లవారకముందే మీ తోటకొచ్చేది. నేను లేచేసరికి పొయ్యి మీద సీమపనస ముక్క ఉండేది, అమ్మ ఉండేది కాదు. ఇప్పటికీ వస్తోందా? వస్తుంటే పేరు రాసి, మిగతా ముగ్గురికి ఇచ్చే కూలి తనకీ ఇవ్వండి. అరవై ఒక్కేళ్ళు వచ్చాయి తనకి.

మీ
లెసియెలి

❖

హాలాటోఆ
జూన్ 2

లెసియెలీ,

నీ ఉత్తరం చదివి రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు ఆకలేసి తిన్నాను, కానీ కోపం పోలేదు.

నా తమ్ముడి భార్యని కూలిదాన్ని చెయ్యమంటావా? పోయినవాడు విని ఏమనుకుంటాడు? ఆ పట్టికలో ఉన్న ముగ్గురూ మన ఇంట్లో కింద చాప మీద కూడా కూర్చోరు, గుమ్మం దగ్గర డబ్బు పుచ్చుకుని పోతారు. వాళ్ళ పేర్ల కింద నాలుగో పేరుగా ఫూసీ అని రాయాలా? నా చెయ్యి విరిగిపోతుంది. అవును, వస్తుంది. పెళ్ళయిన ఏడాది నుంచి వస్తోంది. ఎవరు రమ్మన్నారు? ఎవరూ చెప్పక్కర్లేదు. మరదలు ఆడపడుచు పనికి రాకపోతే ఇంకెవరొస్తారు? నేను మా మేనత్తల ఇళ్ళల్లో వంటింటి వెనకే కదా బతికింది. ఒక చోట తల, ఇంకో చోట కాలు. అందరం అంతే. మీ అమ్మ కూడా వాళ్ళ పుట్టింటి తమ్ముళ్ళ ఇళ్ళకి వెళితే మహారాణే. నువ్వది చూశావు, ఇప్పుడు చూడనట్టు రాస్తున్నావు.

ఇంక ముప్ఫై ఒకటి. నేను నిజం రాశాను, నువ్వు అబద్ధం రాయమన్నావు. రాశాను. "అనవచ్చు." నీకు దస్తూరి నేర్పినదాన్ని, నీ దగ్గర అబద్ధం నేర్చుకున్నాను. మీ కంపెనీకి అబద్ధమే ముద్దయితే అలాగే కానివ్వు.

కాయలు కోతకొస్తున్నాయి. మీవాళ్ళెవరో ఆగస్టులో చూడ్డానికొస్తారని ఆ కొత్త కాగితం కింద రాసుంది. రమ్మను. ఉమూ గొయ్యి తవ్వించి, వేడి రాళ్ళ మీద పందిని పెట్టిస్తాను. మీ అమ్మే దగ్గరుండి వండుతుంది. ఇంటికొచ్చిన మనిషికి ఆమె చేతి వంటే పెట్టాలి.

కలోలైన

❖

మెల్‌బోర్న్
ఆగస్టు 24

అత్తయ్యకి,

మా ఆఫీసు నుంచి మీ దగ్గరికొచ్చిన బ్రిజిడ్ తిరిగొచ్చింది. పంది బాగుందట. మీరు గొప్ప మనిషట. తోట అద్దంలా ఉందట. ఇవన్నీ నాతో నోటితో చెప్పింది. కాగితం మీద రాసింది వేరే ఉంది. నేను మీ మేనకోడల్నని తనకి తెలియదు కదా, తీసుకొచ్చి నా బల్ల మీదే పెట్టింది. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"భోజనం బాగుందని చెప్పడానికి దుబాసీతో వంటింటి వెనక్కి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దావిడ గిన్నెలు తోముతోంది. పట్టికలో ఈమె లేదు. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా పగిలి, కొన్ని చోట్ల చీము పట్టి ఉన్నాయి. వెనిల్లా తీగల పాలు తగిలి ఇలా అవుతుందని దుబాసీ చెప్పాడు. ఇక్కడ పనిచేస్తారా అని అడిగాను. 'లేదు, నేను తమ్ముడి భార్యని' అంది. పువ్వులకి పుప్పొడి అద్దేది ఎవరని అడిగితే, 'నేనే' అంది. ఎన్నేళ్ళుగా అంటే, ముప్ఫై నాలుగు అంది. కూలి ఎంత అంటే నవ్వింది. పని వద్దనాలంటే అనగలరా అని అడిగాను. తోముతున్న గిన్నె కింద పెట్టింది. 'నన్నెవరూ అడగలేదు కదా' అంది."

ఎదురు బల్ల దగ్గర బ్రిజిడ్ రొట్టె తింటోంది. నేను ఆ కాగితం మూడుసార్లు చదివాను. ఊరూ పేరూ తెలియని ఎందరో ఆడవాళ్ళ గురించి ఇలాంటి వాక్యాలు చదివాను అత్తయ్యా, చదివి కింద గీత గీసి పక్కన పెట్టాను. మా అమ్మ గురించి చదవడానికి ఒక తెల్లావిడ అంతదూరం పోయి రావలసివచ్చింది. ఫోన్లో "బాగున్నా, బాగున్నా" అన్న మనిషి చేతులవి. ఆ చేతులతో మీరు ఆవిడ చేత గిన్నెలు తోమించారు. మీరు ఆ చేతులు చూడలేదా? పెద్ద కళ్ళద్దాలు పెట్టుకుని కాయ మీద మచ్చ కనిపెడతారే!

నా మీదా నాకు అసహ్యంగానే ఉంది. ముప్ఫై ఒకటికి జవాబు నేనే అందించాను. అందుకని లేచి మా పైఅధికారి గదికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. మీరు నా మేనత్తని, ఆవిడ మా అమ్మని, జవాబు మార్పించింది నేనని. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. ఫైలు నా దగ్గర్నుంచి తీసేసుకున్నారు. ఉద్యోగం ఉంచాలో వద్దో వచ్చే నెల చెబుతారట.

మీ సరుకు ఆపారు, వద్దనలేదు. అమ్మ పేరు పట్టికలో ఎక్కాలి, కూలి ఇవ్వాలి, చేతులకి వైద్యం చేయించాలి, తొడుగులివ్వాలి, ఇష్టపడే పనిచేస్తున్నానని తను సంతకం పెట్టాలి. అదంతా సెప్టెంబరు ఆఖరులోగా జరిగితే కొంటారు. జరక్కపోతే పదకొండు ఇళ్ళదీ పోతుంది. నాకు పదకొండు ఇళ్ళ మీద జాలి ఉంది. కానీ ఇప్పుడు రాస్తున్నది కంపెనీ మనిషి కాదు. ఫూసీ కూతురు.

లెసియెలి

❖

హాలాటోఆ
సెప్టెంబరు 19

లెసియెలీ,

మీ అమ్మని నెయాఫు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మందు రాసి కట్టు కట్టారు. రెండు వారాలు నీళ్ళలో పెట్టొద్దన్నారు. ముందు ఇది రాయాలి కాబట్టి రాశాను.

చూడలేదా అన్నావు. కనపడింది. ఏటా పూతకాలం అయ్యాక అలాగే ఉంటాయి, క్రిస్మస్ నాటికి మానతాయి. ఈసారి కోత అయినా మానలేదు. అది కనపడింది గానీ చూడలేదు. ఈ రెండింటికీ తేడా ఏమిటో నీ ఉత్తరం వచ్చేదాకా నేను ఆలోచించలేదు. అరవై ఏడేళ్ళ దానికి బుద్ధి చెప్పడం నీకు సులువే.

పట్టికా సంతకం కాగితమూ పట్టుకుని నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో పిలుపు లేకుండా వాళ్ళ గుమ్మం తొక్కడం అదే మొదలు. కంగారుపడి కొత్త చాప పరిచి, తను నేల మీద కూర్చుంది. విషయం చెప్పాను. ఏమందో తెలుసా? "వదినగారూ, ఈ వయసులో నన్ను కూలిదాన్ని చేస్తారా? ఆయన బతికుంటే ఇలా కాగితం పట్టుకొచ్చేవారా?" అని కట్టుకున్న బట్ట అంచుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. చూశావా, నేను చెప్పిందే ఆవిడా చెప్పింది! గెలిచానని నీకు రాద్దామనే కలం తీశాను.

కానీ తర్వాత జరిగింది కూడా రాయాలి. సంతకం పెట్టలేదన్న మాట పొక్కింది. పదకొండు ఇళ్ళవాళ్ళూ కదిలారు. చర్చి అయ్యాక ఒకరి తర్వాత ఒకరు వాళ్ళింటికే. "ఫూసీ, నీ ఒక్కదాని మొండితనానికి మా పిల్లల ఫీజులు పోవాలా?" "ఒక గీత గీస్తే నీ సొమ్మేం పోయింది?" పాస్టరు భార్య కూడా వెళ్ళింది, కేకు పట్టుకుని మరీ. మూడ్రోజులు తిన్నగా తిననివ్వలేదు, కూర్చోనివ్వలేదు. నాలుగోరోజు పెట్టేసింది. ఎవరి బలవంతమూ లేదని రాసున్న కాగితం మీద, లెసియెలీ, ఊరంతా బలవంతం చేసి సంతకం పెట్టించాం. నేను అక్కడే ఉన్నాను. ఆపలేదు.

కాగితం, ఆసుపత్రి చీటీతో పాటు ఈ కవరులోనే ఉంది. మీవాళ్ళకివ్వు. ఇష్టం లేకపోతే చింపెయ్యి. నాకు ఓపిక అయిపోయింది.

కలోలైన

❖

మెల్‌బోర్న్
అక్టోబరు 7

అత్తయ్యకి,

చింపలేదు. తీసుకెళ్ళి ఇచ్చాను. వాళ్ళు సంతకం చూశారు, తారీఖు చూశారు, ఆసుపత్రి చీటీ చూశారు. అంతా సరిగ్గా ఉందన్నారు. సంతకం ఎలా పెట్టించారో కూడా చెప్పాను. మా పైఅధికారి కళ్ళద్దాలు తీసి ముక్కు నొక్కుకుని, "లెసియెలీ, సంతకం వెనక జరిగింది కూడా చూడాలంటే ఇక మనం ఎవరి దగ్గరా ఏమీ కొనలేం" అన్నాడు. దుర్మార్గుడు కాదు. నాలాగే అలిసిపోయినవాడు. మీ సరుకు కొంటున్నారు, వచ్చే ఏడాదిది కూడా. పదకొండు ఇళ్ళకీ చెప్పండి.

నా ఉద్యోగం ఉంది గానీ ఆ విభాగంలో కాదు. ఐస్‌క్రీమ్ కరిగిపోయి ఇంటికొచ్చిందని ఫిర్యాదు చేసేవాళ్ళతో ఫోన్లో మాట్లాడాలి. అది నయమే అనిపిస్తోంది. కరిగిందంటే నిజంగా కరిగే ఉంటుంది.

నిన్న అమ్మతో లైను దొరికింది. తొడుగులు వచ్చాయట, వేసుకుంటే పువ్వు రేకు చేతికి తెలియడం లేదని తీసేస్తోందట. కూలి కవరు తెరవకుండా బైబిల్లో పెట్టిందట. మీరిస్తుంటే కాదనలేక తీసుకుందట. చూశారా, కూలి కూడా కాదనలేకే. మీకు తన మీద కోపం వచ్చిందా అని అడిగింది నన్ను. నా గురించి కంటే మీ కోపం గురించే ఎక్కువ అడిగింది.

నియమాలు నాకు చాలా తెలుసు అత్తయ్యా, నలభై రెండూ నిద్రలో కూడా చెబుతాను. అవేవీ మా అమ్మని రక్షించలేదు, ఇంకో కవరు చేతిలో పెట్టాయంతే. నేను అక్కడికొచ్చి పోట్లాడితే అమ్మే నా నోరు మూస్తుంది. మీరు తప్ప ఆవిడకి ఎవరూ ఏమీ ఇవ్వలేరు. ఒక్క పని చెయ్యండి. "పువ్వులు విచ్చాయి రా" అని కబురు పెట్టకండి. "వస్తావా" అని అడగండి. రానంటే ఊరుకోండి. మేనకోడలు మేనత్తని అడగకూడని మాట ఇది, నాకు తెలుసు. మీకు కాదనే హక్కు ఉంది. నాకు లేదు గనకే బతిమాలుకుంటున్నాను.

మీ
లెసియెలి

❖

హాలాటోఆ
అక్టోబరు 25

లెసియెలీ,

నీ ఉత్తరం చదివి బల్ల మీద బోర్లా పెట్టాను. ఆ మాట నా నోటికి రాదనుకున్నాను. తమ్ముడి భార్యని "వస్తావా" అని అడగడమంటే, మా అమ్మ లేచొచ్చి నా చెంప పగలగొడుతుంది. అయినా సోమవారం సాయంత్రం పక్కింటి లోసాతో కబురు పంపాను. "రేపు పువ్వులు బాగా విచ్చేలా ఉన్నాయి, వీలైతేనే రమ్మను" అన్నాను. వీలైతేనే అని మూడుసార్లు చెప్పి పంపాను. లోసా నన్ను ఎగాదిగా చూసి వెళ్ళింది.

మర్నాడు వెలుగు రాకముందే తోటలో ఉన్నాను. తీగల నిండా పువ్వులే. ఇన్నేళ్ళలో ఇంత పూత చూడలేదు. ఫూసీ రాలేదు. కాసేపటికి లోసా వచ్చింది. "ఇవాళ రానని చెప్పమంది పెద్దమ్మా" అంది. నాకు అర్థం కాలేదు. ఒంట్లో బాగాలేదా అన్నాను. "బాగానే ఉందట. రావాలని లేదట" అంది.

ఒళ్ళు మండిపోయింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో నిన్నూ మీ కంపెనీనీ నీ నలభై రెండు ప్రశ్నల్నీ కలిపి తిట్టుకున్నాను. ముగ్గురు కూలివాళ్ళలో ఇద్దరికి పుప్పొడి అద్దడం రాదు, మూడోవాడు మొద్దు వేళ్ళవాడు. పుల్ల తీసుకుని నేనే మొదలుపెట్టాను. ముప్ఫయ్యేళ్ళ కింద చేసింది. రేకు చీల్చాలి, లోపలి పొరని ఎత్తాలి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాలి. నాకు మొదటి పది పువ్వులూ చిరిగిపోయాయి. నడుం పట్టేసింది. తీగ పాలు మణికట్టు మీద కారి మంట. ఎండెక్కేసరికి వందకి మించి కాలేదు. మిగతావన్నీ నా కళ్ళ ముందే వాడి వేలాడాయి. ఫూసీ ఒక్క పొద్దున ఎన్ని చేస్తుందో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

కర్ర పట్టుకుని వాళ్ళింటికి నడిచాను. దారి పొడుగునా ఏమేం అనాలో అన్నీ కూడగట్టుకున్నాను. తలుపు తీసే ఉంది. చాప మీద ఒక పక్కకి తిరిగి నిద్రపోతోంది. మిట్టమధ్యాహ్నం! చేతులు రెండూ ముఖం పక్కన పెట్టుకుని, నోరు కాస్త తెరిచి, చిన్నపిల్లలా. నీకు గుర్తుందా, మీ అమ్మ పగలు పడుకోవడం నువ్వెప్పుడైనా చూశావా? నేను చూడలేదు. మీ నాన్న పోయిన వారం కూడా పొయ్యి దగ్గరే ఉంది. లేపుదామని కర్ర ఎత్తి కూడా నేలకి కొట్టలేకపోయాను. గుమ్మంలో కూర్చున్నాను.

చాలాసేపటికి లేచింది. నన్ను చూసి అదిరిపడి బట్ట సర్దుకుంది. "వదినగారూ, ఎప్పుడొచ్చారు? పువ్వులు..." అంది. పోయాయన్నాను. తలొంచుకుంది. క్షమించమంటుందనుకున్నాను, అదే ఆవిడ అలవాటు. అనలేదు. "ఎలా ఉంటుందో చూద్దామని" అంది. "ఏది?" అన్నాను. "రాకపోతే" అంది. నేనే లేచి పొయ్యి మీద టీ పెట్టాను. చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియక నాలుగు డబ్బాలు తీశాను. ఆవిడ లేవబోతే కూర్చోమన్నాను, అది మాత్రం ఆజ్ఞే. నా చేతి టీ తాగుతూ ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు. చక్కెర ఎక్కువైందంది.

మణికట్టు మీద నా బొబ్బ చూసి లోపలికెళ్ళి ఆసుపత్రి మందు తెచ్చి రాసింది. అప్పుడే అడిగాను. మొదట "రేపు రా" అనే వచ్చింది నోటికి. మింగేసి మళ్ళీ అడిగాను. "రేపు వస్తావా ఫూసీ?" ముప్ఫై నాలుగేళ్ళలో ఆవిడని ఏదైనా అడగడం ఇదే మొదలు. తాళం వెయ్యడం మర్చిపోయిన పెట్టెలా ఉంది నా గుండె, ఎవరైనా ఏదైనా తీసుకుపోయేలా.

"ఆలోచించుకుని చెబుతాను వదినగారూ" అంది.

ఇంకా చెప్పలేదు. పొద్దు వాలిపోతోంది. పెరట్లో బట్టలు మడత పెట్టుకుంటోంది, తొందరేమీ ఉన్నట్టు లేదు. నేను వాళ్ళ గుమ్మంలోనే కూర్చుని, నీ పాత స్కూలు నోటుపుస్తకంలో కాగితం చింపి, ఇది రాస్తున్నాను.

కలోలైన